కాజీపేట గార్డు, డల్లాస్ కిలోమీటర్లు

నవంబరు 9, ఆదివారం

చెల్లెకు జనవరి ఆఖర్లో కాన్పు. అమ్మకూ నాన్నకూ హైదరాబాద్–దుబాయ్–డల్లాస్ టికెట్లు తీసి, ప్రింటు చేతిలో పెట్టాను. నాన్న కళ్ళద్దాలు సవరించుకొని రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూసి, "కిలోమీటర్లు రాయలేదేంది బిడ్డా?" అన్నాడు.

రైలు టికెట్టు మీద దూరం ఉంటుంది. 31 ఏళ్ళు కాజీపేటలో గార్డు డ్యూటీ చేసిన మనిషికి, దూరం లేని టికెట్టు ఉప్పు లేని పప్పు. (2022లో ఆ ఉద్యోగానికి 'ట్రైన్ మేనేజర్' అని పేరు మార్చారు. నాన్న అంతకుముందే రిటైరయ్యాడు కాబట్టి గార్డుగానే మిగిలాడు.)

నెట్‌లో వెతికి చెప్పేద్దామనుకున్నా. రెండు చోట్ల చూస్తే రెండు అంకెలు వచ్చాయి, ఇరవై కిలోమీటర్ల తేడాతో. "రెంట్ల ఏది కరెక్ట్?" అన్నాడు. అదిగో, అక్కడ మొదలైంది ఈ పని. రెండు ఎయిర్‌పోర్ట్ కోడ్‌లు కొడితే దూరమూ ప్రయాణ కాలమూ చెప్పే షీట్ ఒకటి నేనే తయారుచేస్తా అన్నాను. ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది.

రాత్రి పదింటికి మొదటి ఫార్ములా ఎక్కించాను. దీన్ని హావర్‌సైన్ అంటారు. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఇస్తే, భూమిని 6,371 కి.మీ. వ్యాసార్థమున్న బంతి అనుకొని, ఆ బంతి మీద రెంటి మధ్య అతి దగ్గరి దారి ఎంతో చెబుతుంది. పరీక్షకు తెలిసిన దారే ఇచ్చాను: హైదరాబాద్ (17.24, 78.43) నుంచి విశాఖ (17.72, 83.22).

జవాబు: 2,840 కి.మీ.

నాన్న నవ్వలేదు. "కాశీకి పోయి వస్తున్నట్టుంది" అన్నాడంతే.

నవంబరు 10

తప్పు దొరికింది. షీట్‌లో సైన్, కాస్ లెక్కలన్నీ రేడియన్లలో (కోణానికి ఇంకో కొలత) జరుగుతాయి, నేను డిగ్రీలు తోశాను. 17.24 డిగ్రీలను అది 17.24 రేడియన్లనుకొని రెండున్నర చుట్లకు పైగా తిరిగింది. ప్రతి అంకెనూ ముందు రేడియన్‌లోకి మార్చాక 504 కి.మీ. వచ్చింది. అమ్మయ్య అనుకొని పడుకున్నా.

నవంబరు 12

అమ్మయ్య అనుకోవడం తొందరైంది. విశాఖ దూరం నెట్‌లో ఎక్కడ చూసినా 511 దగ్గరుంది, నాది 504. ఇంత చిన్న దూరంలో ఏడు కిలోమీటర్లు ఎటు పోయాయి?

రెండు గంటలు ఫార్ములానే అనుమానించాను. దొంగ అక్కడ లేడు. ఎయిర్‌పోర్టుల పట్టిక ఒకటి ఎక్కడో పాత ఫైల్లో దొరికితే యథాతథంగా దింపుకున్నా. అందులో హెచ్‌వైడి అనే కోడ్ పక్కన 17.45, 78.47 అని ఉంది. అది బేగంపేట! 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక హెచ్‌వైడి కోడ్ అక్కడికి మారింది, బేగంపేటకు బీపీఎం అని వేరే కోడ్ ఇచ్చారు. ఆ ఫైలుకు ఆ కబురు అందలేదు. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నా షీట్ లెక్కే 24 కి.మీ. చూపిస్తోంది. మొదటి రోజు పరీక్షకు అంకెలు చేత్తో కొట్టాను కాబట్టి ఇది బయటపడలేదు, మొన్న కోడ్‌తో పట్టిక నుంచి లాగాను.

వరుస మార్చాను: 511 కి.మీ. పట్టికలో మన ఊర్లన్నీ ఒక్కోటీ చేత్తో సరిచూసుకోవాల్సి వచ్చింది: గన్నవరం, రేణిగంట, మధురపూడి, కడప, ఓర్వకల్లు.

511 అని చూపిస్తే నాన్న ఒప్పుకోలేదు. సికింద్రాబాద్ నుంచి విశాఖకు పట్టాల మీద దాదాపు 700. "గీత గీస్తే 511 గావచ్చు. బండి గీత మీద పోదు, కాజీపేట మీద పోతది, బెజవాడ మీద పోతది" అన్నాడు. వందేభారత్ అయినా ఆ 700కు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. 'గీత దూరం' అనే మాట ఆయన దగ్గరే తీసుకొని షీట్‌లో కాలమ్‌కు పేరుగా పెట్టాను.

నవంబరు 16

ఇది ప్రాజెక్టులో లేనిది, చేయి ఊరుకోక చేశాను. మా వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది, 1930లో కట్టింది. 1980ల మొదట్లో ఆగిపోయింది. మళ్ళీ తెరవాలన్నప్పుడల్లా అడ్డొచ్చింది ఒక దూరమే: శంషాబాద్‌కు 150 కి.మీ. లోపల ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదని ఒప్పందంలో షరతుంది. మామునూరు (17.91, 79.60) కొట్టి చూశాను.

145 కి.మీ.

ఐదు కిలోమీటర్లు! ఇంకాస్త తూర్పుకు కట్టి ఉంటే షరతు తగిలేదే కాదు. శంషాబాద్ నడిపేవాళ్ళు అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. నాన్న ఈ సెల్‌ను మాత్రం ఫోటో తీసి తన రిటైర్డు దోస్తులందరికీ పంపాడు. మొత్తం షీట్‌లో ఇప్పటిదాకా ఆయనకు నచ్చింది ఇదొక్కటే.

నవంబరు 22, శనివారం

ఈ రోజు డల్లాస్. చెల్లె ఫోన్లో ఉంది, నాన్న కుర్చీ వేసుకొని వెనక కూర్చున్నాడు. 32.90, 97.04 కొట్టాను.

2,550 కి.మీ.

దాని పై వరుసలో హైదరాబాద్–దుబాయ్ 2,547 అని ఉంది. అంటే డల్లాస్ దుబాయ్ అంత దూరమే! "అట్లయితే నెలకోపారి వచ్చిపోవచ్చు" అని అటు నుంచి చెల్లె నవ్వు.

డల్లాస్ రేఖాంశం 97.04 పడమర, అంటే ముందు మైనస్ ఉండాలి. నేను పెట్టలేదు. మరి మైనస్ లేని ఆ 97.04 ఎక్కడుందని మ్యాప్‌లో చూస్తే, చైనాలో, టిబెట్ పీఠభూమి మీద, చింగ్‌హాయ్ రాష్ట్రంలో యుషు అనే ఊరి పక్కన. కాన్పు కోసం అమ్మను యుషు పంపబోయాను.

మైనస్ పెట్టాక: 14,419 కి.మీ.

ఎటు దిక్కుగా బయల్దేరాలో చెప్పే ఫార్ములా కూడా ఒకటుంది, సరదాగా అదీ ఎక్కించాను. జవాబు 355 డిగ్రీలు వచ్చింది. ఇదీ తప్పే అనుకున్నా. 360 అంటే నేరుగా ఉత్తరం. 355 అంటే ఉత్తరానికి ఐదు డిగ్రీలు పడమరగా. అమెరికాకు పోవాలంటే పడమరకు కదా తిరగాలి?

పక్కింటి పిల్లాడి గ్లోబు అడిగి తెచ్చాను. అమ్మ పూలదారం ఇచ్చింది. దారం ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగబట్టి లాగితే, అది పడమరగా ఉండనంటోంది. యూరప్ మీద పెడితే వదులవుతుంది, జారి పైకి పోతుంది. పోయి పోయి ఉత్తర ధ్రువానికి దగ్గర నిలబడింది. లెక్క చూస్తే ఆ దారి 85.3 డిగ్రీల ఉత్తరం దాకా వెళ్తుంది, ధ్రువం అక్కడికి ఐదు వందల పైచిలుకు కిలోమీటర్లే. రెండు ఊర్ల రేఖాంశాల మధ్య 175 డిగ్రీల తేడా ఉంది. ఇంచుమించు భూమికి ఆ పక్కా ఈ పక్కా. అలాంటప్పుడు దగ్గరి దారి నెత్తి మీదుగానే ఉంటుంది.

నాన్న గ్లోబును చేతిలోకి తీసుకొని చాలాసేపు తిప్పాడు. "అంటే మన బల్లార్ష లైన్ పట్టుకొని పోవుడేనా?"

అంతే మరి. కాజీపేట నుంచి బల్లార్ష లైను ఉత్తరానికే పోతుంది, డల్లాస్ కూడా అటే.

మరి ఆ దారిన నేరుగా విమానం ఎందుకు లేదని చెల్లె అడిగింది. దూరం అడ్డం కాదు. సింగపూర్–న్యూయార్క్ 15,300 దాటుతుంది, అది రోజూ ఎగురుతోంది. హైదరాబాద్ నుంచి చికాగోకు 2021 జనవరిలో నేరుగా సర్వీసు మొదలై కొన్నాళ్ళు నడిచింది కూడా. అంత దూరం పోయే విమానం నిండా ఇంధనమే మోయాలి, ఆ ఖర్చుకు సరిపడా జనం రోజూ ఎక్కాలి. అది నా షీట్ తేల్చే లెక్క కాదు.

దుబాయ్ మీదుగా అయితే 2,547కు 12,919 కలిపి 15,466. నేరు దారి కంటే 1,047 ఎక్కువ, అంతే. దుబాయ్ అంటే బాగా చుట్టు అనుకున్నా, నూటికి ఏడు వంతులే. ఆ రెండో గీత ఐస్‌లాండ్ వాయవ్య కొనకు కాస్త పైన 66.9 డిగ్రీల దాకా ఎక్కి దిగుతుంది.

నెట్‌లో కనబడ్డ ఇరవై కిలోమీటర్ల తేడా కూడా ఇవాళే తేలింది. భూమి సరైన బంతి కాదు: మధ్యలో 6,378, ధ్రువాల దగ్గర 6,357 కి.మీ. వ్యాసార్థం. ఆ నొక్కును లెక్కలోకి తీసుకునేవాళ్ళ అంకె వేరు, తీసుకోని వాళ్ళది వేరు. తేడా అర శాతం లోపే. నాన్నకు చెబితే "రెండూ కరెక్టే అన్నమాట" అని తీర్పిచ్చేశాడు. నేను బంతి లెక్కతోనే ఉంటున్నా.

నవంబరు 30

దూరం అయిపోయింది, ఇక కాలం. సులువనుకున్నా. జెట్ విమానం గంటకు 850 కి.మీ. పోతుందనుకుందాం. పైకెక్కడం, దిగడం, రన్‌వే దాకా నడక అన్నిటికీ కలిపి అరగంట. షీట్ చెప్పింది:

హైదరాబాద్–విశాఖ, 1 గం. 6 ని.
హైదరాబాద్–దుబాయ్, 3 గం. 30 ని.
దుబాయ్–డల్లాస్, 15 గం. 42 ని.

విమాన కంపెనీల టైం టేబుళ్ళలో మూడూ ఇంతకంటే ఎక్కువే ఉన్నాయి. విశాఖకు గంటా పావు, ఇరవై దాకా వేసుకుంటారు. నేను వేగం తగ్గించి చూశాను, అరగంటను నలభై నిమిషాలు చేసి చూశాను. ఒకటి కుదిరితే ఇంకోటి చెడుతోంది.

నాన్న పేపర్ మడిచి లేచాడు. "రికవరీ టైం తీసినవా?"

రైల్వేలో సంగతి ఇదట: బండి నిజంగా నడిచే కాలం వేరు, టైం టేబుల్లో వేసే కాలం వేరు. దారిలో సిగ్నల్ పడొచ్చు, క్రాసింగ్ పడొచ్చు, వాటి కోసం కొన్ని నిమిషాలు ముందే దాచిపెడతారు, అదీ ఎక్కువగా ఆఖరి స్టేషన్ ముందు. అందుకే ఘట్‌కేసర్ దాకా ఇరవై నిమిషాలు లేటున్న బండి సికింద్రాబాద్‌లో రైట్ టైంకు చేరుతుంది. ప్రయాణికుడు డ్రైవరు ఇరగదీశాడనుకుంటాడు. "ఇరగదీసుడు ఏం లేదు, టైం టేబుల్ రాసినోడు ముందుగాల్నే ఇచ్చిపెట్టిండు."

విమానాలదీ అదే కథ. టికెట్ మీద కనిపించేది బ్లాక్ టైమ్, అంటే గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతలి గేటులో ఆగేదాకా. అందులో రన్‌వే క్యూ ఉంది, దిగే ముందు ఆకాశంలో కొట్టే చక్కర్లున్నాయి, వీటికి తోడు ఈ దాచుకున్న నిమిషాలూ ఉన్నాయి. 'దాపుడు' అని కాలమ్ పెట్టి దేశంలోపలి దారులకు పది నిమిషాలు వేశాను. విశాఖ 1 గం. 16 ని. అయింది. కుదిరింది.

దుబాయ్ కుదరలేదు. అక్కడ ఇంకేదో ఉంది.

డిసెంబరు 6

ఆ 'ఇంకేదో' గాలి. దుబాయ్ పోయేటప్పుడు నాలుగు గంటలకు దగ్గర, వచ్చేటప్పుడు మూడున్నరకు దగ్గర. అదే దారి, అదే రకం విమానం. పైన, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతుంటుంది, ముఖ్యంగా చలికాలంలో. జెట్ స్ట్రీమ్ అంటారు. పోయేటప్పుడు మనది ఏటికి ఎదురీత.

గంటకు వంద కిలోమీటర్ల గాలి అని వేసి చూశా. ఎదురుగాలిలో 750 వేగం: గాల్లో 3 గం. 24 ని. వెనకగాలిలో 950: 2 గం. 41 ని. నలభై మూడు నిమిషాల తేడా! షీట్ మొదటిసారి టైం టేబుల్ మాట్లాడే భాష మాట్లాడింది.

"పోయినప్పుడు పోయింది, వచ్చేటప్పుడు కలిసొస్తదిగదా. రాను పోను లెక్క సమానం" అన్నాడు నాన్న. నేనూ అలాగే అనుకున్నా. కూడి చూస్తే 6 గం. 5 ని. వచ్చింది, గాలే లేకపోతే సరిగ్గా 6 గంటలు. ఐదు నిమిషాలు నష్టమే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం, కాబట్టి గాలి తీసుకున్నదంతా తిరిగివ్వదు. దీన్ని కాగితం మీద వేసి చూపించాకే నమ్మాడు.

చదువుతుంటే రెండు సంగతులు దొరికాయి. ఈ ఎత్తుగాలులను 1920లలోనే జపాన్‌లో ఒయిషి అనే ఆయన బెలూన్లు వదిలి కొలిచాడు. లోకమంతా చదవాలని, అందరికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు, దాంతో దాదాపు ఎవరూ చదవలేదు. రెండోది మనకు దగ్గరిది. వానాకాలంలో దక్షిణ భారతం పైన ఈ గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దాన్ని 1950లలో వివరించినవాడు పి. కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. కాబట్టి గాలి కాలమ్‌కు నెల కూడా కావాలి: జూలైకి ఒక అంకె, జనవరికి ఒక అంకె. ప్రస్తుతానికి జనవరి మాత్రమే నింపాను. దుబాయ్, అరగంట కలిపి, 3 గం. 54 ని.

డల్లాస్ వరుసలో గాలి వేయలేదు. ఆ దారి ఎడారి మీద మొదలై మంచు మీదుగా తిరిగి దిగుతుంది, ఒక్క అంకెతో అయ్యే పని కాదు.

డిసెంబరు 14

టికెట్ మీది సమయాలు నేరుగా షీట్‌లో కొడితే, వేగం అదే చెప్పేలా చేద్దామనుకున్నా. దుబాయ్‌లో పొద్దున 9:50, డల్లాస్‌లో అదే రోజు సాయంత్రం 4:10. తీసివేస్తే 6 గం. 20 ని. వేగం గంటకు 2,040 కి.మీ.!

కాంకార్డ్ విమానం వేగం సుమారు అంతే, అది 2003లోనే విశ్రాంతి తీసుకుంది. ఎవరి గడియారం వారిదని మరిచాను: దుబాయ్ గ్రీనిచ్‌కు నాలుగు గంటలు ముందు, చలికాలంలో డల్లాస్ ఆరు గంటలు వెనక. పది గంటలు కలిపితే 16 గం. 20 ని. అదీ చలికాలం మాటే. మార్చిలో అమెరికా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, నవంబరులో వెనక్కి. తేదీ చూసి మార్చే ఫార్ములా రాయడానికి రాత్రి ఒంటిగంట అయింది, ఇంకా ఒక చోట తప్పుతోంది.

నాన్న పరిష్కారం: "నా వాచీ నేను తిప్పను. గోహతి కానీ, గుజరాత్ కానీ, రైల్వేకంతా ఒకటే టైం. డల్లాస్ అయితేంది?" నవ్వొచ్చింది గానీ, పైలట్లూ చేసేది ఇదే. వాళ్ళ లెక్కలన్నీ గ్రీనిచ్ సమయంలోనే నడుస్తాయి.

డిసెంబరు 27

నిలిచిపోయింది. ఆఫీసు పని, అమ్మ పచ్చళ్ళ తూకం. సామాన్లు 23 కిలోలు దాటకుండా చూసే షీట్ ఒకటి తయారైంది, దానికి ఫార్ములా అక్కర్లేదు, ఆవకాయ తీసేయడమే. తీయనివ్వలేదు.

ఒక్కటి మాత్రం రాసిపెట్టుకుంటున్నా. గీత గీయగలిగినంత మాత్రాన అక్కడ ఎగరనిస్తారని లేదు. 2019లో ఫిబ్రవరి నుంచి జూలై దాకా పాకిస్తాన్ తన ఆకాశం మూసింది. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు మళ్ళీ మూసింది, ఢిల్లీ నుంచి పడమరకు పోయేవి చుట్టు తిరగాల్సి వచ్చింది. 2022లో రష్యా ఆకాశం మూతపడ్డాక హెల్సింకి–టోక్యో విమానం తొమ్మిదిన్నర గంటల నుంచి పదమూడు గంటల దాకా పోయింది, గీత దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. "లైన్ క్లియర్ లేకుంటే ఎంత మంచి ఇంజన్ ఉన్నా ఏం లాభం" అని నాన్న. 'లైన్ క్లియర్' కాలమ్ పేరు పెట్టి ఖాళీగా వదిలాను.

జనవరి 13

నాన్న పంపిన చీటీ ఫోటో వచ్చింది. డ్యూటీలో రాసినట్టే, అన్నీ మన టైములోనే, అంకెల కింద గీతలతో.

ఇంటి నుంచి కదిలింది రాత్రి 21:15. శంషాబాద్ 00:40.
బండి కదిలింది 4:31. గాల్లోకి 4:49. దుబాయ్ నేల తాకింది 8:23. ఆగింది 8:31.
మళ్ళీ కదిలింది 11:34. డల్లాస్‌లో ఆగింది 3:45 (మర్నాడు).

కూర్చొని వరుసలు నింపాను. దుబాయ్ సరిగ్గా 4 గంటలు, నా షీట్ 3:54. డల్లాస్ 16 గం. 11 ని., నా షీట్ 15:42. మొదటిది ఆరు నిమిషాలు, రెండోది ఇరవై తొమ్మిది. గాలి వేయని వరుస కాబట్టి ఇరవై తొమ్మిదికి బాధ లేదు. ఇంటి గడప నుంచి డల్లాస్ గేటు దాకా 30 గంటల 30 నిమిషాలైతే, అందులో నా షీట్‌కు తెలిసినవి 20 గంటల 11 నిమిషాలు.

చీటీ అడుగున ఎర్ర పెన్నుతో రిమార్కు ఉంది: "ఇల్లు–ఎయిర్‌పోర్ట్ సెక్షన్ నీ షీట్ల లేదు. 160 కిలోమీటర్లు, 3 గం. 25 ని. మధ్యల చాయ్ హాల్ట్ 20 నిమిషాలు. చేర్చాలె."

చేర్చాను. 'చాయ్ హాల్ట్' కాలమ్, 20.